కార్తె లేని చుక్క

రువైస్ అవతల, రిఫైనరీ మంటల వెలుగు చేరని మజ్రాలో
ఒంటెల తొట్టి గట్టు మీద కూర్చొని
పోశెట్టి మొదలుపెట్టిండు ఈ లెక్క.

గురువారం రాత్రి నేను అన్నం డబ్బా పట్టుకపోతే
మూత తియ్యకముందే అంటడు:
"ఇయ్యాల తగ్గింది, చూడు."
ఏది తగ్గింది?
"అదే. కింది నీలపుది."

దక్షిణాన నిలబడ్డ వేటగాడికి
భుజం ఎర్రగ, కాలు నీలంగ.
ఎర్రది ఎరుకే మనకు: ఆరుద్ర.
దానికి కార్తె ఉంది, వాన ఉంది,
చెలకల్ల మఖ్మల్ పురుగు ఉంది,
పుట్టిన పిల్లకు పేరు పెట్టెతందుకు అక్షరం ఉంది.
దానికన్న మెరిసే ఈ కాలికి మాత్రం
పంచాంగంల ఒక్క గీత లేదు.
"నా లెక్కనే, ఖల్లివెల్లి," అన్నడు పోశెట్టి.
పాస్‌పోర్టు పాత కఫీల్ బీరువాల,
తను ఒంటెల నడుమ,
నాలుగేండ్లుగ ఏ హాజరు పట్టీల లేని మనిషి.

నేను వెల్డర్ని. రంగు చూసి వేడి చెప్త.
ఇనుము ఎర్రబడ్డదంటే ఇంకా కాలాల్సింది ఉన్నట్టు.
పసుపు మంట సోమరిది.
గ్యాసు సరిగ్గ కుదిరినప్పుడు టార్చి మూతి కాడ
చిన్న నీలి మొన నిలుస్తది, ఉలకదు పలకదు.
ఇనుము కరిగేది దానికే.
అందుకే ఆ చుక్కను చూస్తే ముందు నాకు భయమైంది:
ఇంత దూరానికి నీలం అంటే
దగ్గర ఏముండాలె?

క్రేన్ నడిపే ఇద్రీస్ సూడానోడు.
మేము రిజ్ల్ అంటం, అన్నడు. కాలు.
చదువుకున్న బిడ్డను ఫోన్ల అడిగి చెప్పిండు:
మన సూర్యుడి జాగల దాన్ని పెడితే
బుధుడి గడప దాక వస్తదట.
లక్ష సూర్యులకు పైన వెలుగట.
మరి వయసో? ఎనభై లక్షల ఏండ్లే.
చుక్కలల్ల అది పాలపండ్ల వయసు,
అయినా నడికడుపుల మొదటి కట్టెలు అప్పుడే అయిపోయినయట.
పెద్ద పొయ్యి. తొందర పొయ్యి.

ఒక్క తీరుగ ఉండదు, అది కూడ చెప్పింది ఆ పిల్ల.
ఒళ్లంతా ఒక్కసారి ఉబ్బదట:
ఒక పక్క పొంగుతుంటే ఇంకో పక్క కుంగుతది,
ఒక అల ఇంకో అలను కొట్టేస్తది,
ఇరవై రోజులకోసారి అనుకుంటే నెలకు జరుగుతది.
ఒడుపు దొరకదు.
మీది పొరలు గాలై లేచి పోతనే ఉంటయి,
ఆగకుండ, అడగకుండ.
పోశెట్టి మెతుకులు నములుతనే విని
"హుండీ పంపినట్టు," అని నవ్విండు.

వాని తూకపు రాయి బ్రహ్మహృదయం.
నడినెత్తి మీద అది, దక్షిణాన ఇది.
నడుమ మెడ తిప్పి తిప్పి చూసుడే.
పాత హైడ్రోటెస్టు రిజిస్టరు వెనక పేజీలల్ల
నేను తెచ్చిచ్చిన పెన్నుతోటి:
వీసమెత్తు ఎక్కువ.
సమానం.
తక్కువ. దుమ్ము ఉంది.
తక్కువ.
ఒంటె ఈనింది, చూడలే.
ఎక్కువ.

"పోశెట్టీ, అది నీ కంటి మసక," అన్న ఒకసారి.
మూడు వారాలు మాట్లాడలే.

ఆ వెలుగు బయల్దేరి ఎనిమిదివందల యాభై ఏండ్లు దాటిందట.
ఇప్పుడది ఉందో పోయిందో అని
క్యాంపుల ఒకడు వేదాంతం తీసిండు.
దాని ఆయుష్షుల అదొక రెప్పపాటు, ఉంటది తియ్యిరా, అన్న.
మనుషుల సంగతే చెప్పలేం.

ఆమ్నెస్టీ వచ్చింది. ఔట్‌పాస్ మీద
వాని పేరు ఎట్లనో తప్పు లేకుండ పడ్డది, ఇంటిపేరుతోని:
ఎలిగేటి పోశెట్టి. నాతోని రెండుసార్లు చదివించుకున్నడు.
రిజిస్టరు నా చేతుల పెట్టి బస్సెక్కిండు.
మెట్టు మీద చెప్పు జారి
మడిమ పగుళ్లు కనపడ్డయి.

ఇది జనవరి. షిఫ్టు దిగి
ఆ గట్టు మీదనే వచ్చి కూసున్న.
పొద్దంతా నల్లద్దం వెనకున్న కండ్లు,
చాలసేపు ఏమీ పట్టియ్యవు.
తర్వాత, నిమ్మలంగ, కాలు.

సమానం అని రాసిన.
కొట్టేసిన.
వాడుంటే తక్కువ అనేటోడు.
పంతానికి ఎక్కువ అని రాసి
ఇంకోసారి మెడ తిప్పి చూస్తే
తక్కువే.