తిరుగు టపా

తూర్పు కెంటకీ కొండల్లో
పందొమ్మిదేళ్ళుగా టపా బట్వాడా నాది.
లారెల్ లిక్ వాగు వెంట నలభై ఒక్క పెట్టెలుండేవి,
వరద తీశాక పన్నెండు మిగిలాయి.
ఇళ్ళు పోయిన సంగతి వాగుకి తెలుసు, నాకు తెలుసు.
రాజధానిలో కంప్యూటరుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఉత్తరం వచ్చింది:
ఆర్డిత్ ఫ్యూగేట్, 212, లారెల్ లిక్ రోడ్డు.
కవరు మీద ఎర్రగా, మెడికెయిడ్ పునరుద్ధరణ, వెంటనే స్పందించండి.
212లో స్పందించడానికి ఇప్పుడు
మూడు సిమెంటు మెట్లున్నాయి.
ఎక్కితే ఆకాశంలోకే.

రూలు ప్రకారం పసుపు చీటీ అంటించి వెనక్కి పంపాలి.
పంపితే ఏమవుతుందో నాకు ఎరుకే.
జవాబు రాలేదు గనక అవసరం లేదని రాసుకుంటారు.
మిగతావాళ్ళ మౌనం అర్ధాంగీకారం,
లేనివాళ్ళ మౌనం మాత్రం నిండు సంతకం.
చీటీ నా వేలికే అంటుకుంది.
విదిలించినా ఊడలేదు.

చర్చి వెనక నీలం డబ్బా బండి.
డాలర్ షాపులో రాత్రంతా సరుకు సర్ది వచ్చి
చెప్పులు చేత పట్టుకుని మెట్టు మీద కూర్చుంది ఆర్డిత్.
కవరు చింపింది. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.
"సొంత ఇల్లా, అద్దె ఇల్లా అని రెండే గళ్ళున్నాయి,
కొట్టుకుపోయిన దానికి ఎక్కడ టిక్కు పెట్టను?"

గంటకి పావు డాలరు పెంచారట.
ఆదివారం షిఫ్టు కూడా చేస్తే
నెలకి పదకొండు డాలర్లు గీత దాటుతుందట.
దాటితే కార్డు చెల్లదు.
ఆ షిఫ్టు వేరే పిల్లకి ఇచ్చేసింది.
పని వద్దని బతిమాలుకోవడం
నా జన్మలో అదే వినడం.

లోపల కోల్బీ, తొమ్మిదేళ్ళ మనవడు,
బూజు పట్టిన గోడ పక్క కూర్చుని
ఉబ్బసం పంపు తిప్పి చూపించాడు.
వెనక చిన్న కిటికీలో అంకె. పద్నాలుగు.
"ఇంకా పద్నాలుగు సార్లు," అన్నాడు,
గోలీల లెక్క చెప్పినట్టు.

నా బండి బోనెట్ మీద కాగితం పరిచి సంతకం చేసింది.
ఇంజను వేడికి చెయ్యి అదిరి
చివరి అక్షరం కిందికి జారింది.
చిరునామా గళ్ళలో
'చర్చి వెనక, నీలం బం' వరకే పట్టింది.

గడువు ఈ సాయంత్రం నాలుగున్నర.
టపాలో వేస్తే కొండ దాటడానికే రెండు రోజులు.
మిగిలిన ఉత్తరాలన్నీ వెనక సీట్లోకి తోసి
దీన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.
కౌంటీ ఆఫీసు నలభై మైళ్ళు.

తాళం తిప్పబోతుంటే కిటికీలోంచి వినపడింది,
ఒక పీల్పు,
కాసేపాగి ఇంకొకటి.

పన్నెండు.