గడి లేని కాగితం

మసేరు నుంచి ఐదు గంటల బస్సు, ఆపైన గుర్రం.
దినేవో పిండిమర చేరేసరికి
సంచిలో కాగితం చెమటకి మెత్తబడింది.
చొరవ. ధైర్యం. ఓర్పు. లెక్క.
ఒక్కోదానికీ ఐదుకి ఇన్నని మార్కులు వేయాలి నేను,
వేస్తేనే రెండో విడత అప్పు.

ఇరవై మూడేళ్ళ పిల్ల. కనుబొమల నిండా పిండి.
బెల్టు జారితే సబ్బుముక్క రుద్ది
మళ్ళీ ఇంజను తిప్పింది.
చొరవకి నాలుగు.

అప్పుడొచ్చాడు పెదనాన్న
దుప్పటి కప్పుకుని, గాడిద మీద మొక్కజొన్న బస్తాతో.
"వరదలో మీ నాన్నని ఈ వీపు మీదే దాటించాను"
అన్నాడు, ధరల పలక వైపు చూడకుండా.
వరసలో ఆడవాళ్ళు మాటలాపేశారు.
ఇవాళ ఈయనకి ఊరికే పట్టి ఇస్తే
రేపు ఊరంతా పెదనాన్నలే.

"ఆ వీపు లేకపోతే నేనే లేను.
పన్నెండు మలోటి, పెదనాన్నా."

చాపిన చెయ్యి వణికింది,
వెనక్కి మాత్రం తీసుకోలేదు.
ఆయన నాణేలు ఒక్కొక్కటే రాల్చాడు
అందరికీ వినబడేలా.
బస్తా అక్కడే వదిలేసి
ఖాళీ గాడిదని తోలుకుపోయాడు.

పొద్దువాలాక మర ఆపి
ఆ బస్తా తనే నెత్తికెత్తుకుని కొండెక్కింది.
కింద నుంచి చూస్తున్నాను.
తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

మొహమాటం లేదని రాయనా?
ఉండీ చెయ్యి చాపిందని రాయనా?
దానికి గడి లేదు.
ధైర్యంలో మూడు వేశాను, కొట్టేశాను,
ఐదు వేశాను, అదీ కొట్టేశాను.

మా మేనేజరుకి కొట్టివేతలు గిట్టవు.