నాలుగు చెంబులు

కనకమోహన్ సినిమా అంటే మా ఆదోనిలో
ఏడుపు సీనుకే జనం ఎక్కువ.
అప్పుడే కదా కడుపుబ్బ నగేది.

ప్రేమకు అదే మొకం, పగకు అదే మొకం,
తల్లి చితి ముందర అదే మొకం.
మేకుకు చొక్కా తగిలిచ్చినట్ల
నటన తగిలిచ్చుకోని వచ్చెటోడు.
జిన్నింగు మిల్లు హమాలీలు వానికి
"కొయ్యోడు" అని పేరు పెట్టినారు.
పెట్టింది ఉరుకుందు.
రెండు వేళ్లు నోట్లో పెట్టి వాడు ఈల కొడితే
మార్కెట్ యార్డులో ఎద్దులు తలకాయ తిప్పేవి.

నేను గేటుకాడ టికెట్లు చింపేటోన్ని.
సగం నాకు, సగం వాళ్లకు.
సినిమా గూడ నాకు సగమే,
ఇంటర్వెల్లు దాంక గేటు ఇడిచేకి లేదు.

ఆ శుక్రవారం వచ్చిన సినిమాకు
పోస్టరు మీద గూడ ఎవురూ నగడం లేదు.
లారీ డ్రైవరంట కొయ్యోడు.
ఫైట్లు లేవంట, డాన్సులు లేవంట.
"మనకు పండగే" అన్న్యాడు ఉరుకుందు.
ముప్పై మందిని ఎంటేసుకోని వచ్చినాడు,
తలకాయల మీద దూది గూడ దులుపుకోకుండా.

ఇంటర్వెల్లు దాంక బాగనే కేకలేసినారు.
తర్వాత ఆ సీను.

తన లారీ కింద పోయిన పిల్లోని ఇంటికి
నేనే అని చెప్పుకుందామని పోతాడు వాడు.
గుమ్మంకాడ నిలబడతాడు.
తల్లి బయటికొచ్చి
ఎవురో ఎండన పడి వచ్చినోడు అనుకోని
చెంబుతో నీళ్లిస్తాది.
తాగుతాడు.
"ఇంగొంచెం పోయాల్నా?"
తలకాయ ఊపుతాడు.
తాగుతాడు.
మూడో చెంబుకు
గొంతుకాయ పైకి పోయి
దిగేది మర్చిపోతాది.
నాలుగోదానికి ఆమె కడవ వంచాల్సొస్తాది.
అడుగున చెంబు గీరుకున్న సద్దు.
మ్యూజిక్ లేదు.

మొకమా? అదే మొకం.
ప్రమాణంగా చెప్తాన్నా, ఒక్క గీత మారలే.
పదేండ్లు మేము నగిన ఆ మొకాన్నే
ఈ గుమ్మం కోసం దాసిపెట్టుకున్నట్ల.

ఎనిమిది దినాలకొకసారి నీళ్లు ఇడిచే ఊరు మాది.
పరాయోనికి నాలుగో చెంబు పోయాలంటే
చెయ్యి ఎంత లోతుకు వంగాల్నో
ఆ హాల్లో అందరికీ తెలుసు.
చెనక్కాయలు ఒలిచే సద్దు నిలిచిపోయింది.
ఉరుకుందు రెండు వేళ్లు నోట్లోనే ఉన్న్యాయి.
ఈల రాలే.
తీసేది గూడ మర్చిపోయినాడు.

బయటికొచ్చి ఎవురి సైకిలు వాళ్లు తీసుకున్న్యారు.
ఒకడు మాత్రం అన్న్యాడు:
"ఎండలో నిలబెట్టి దప్పికతో సంపింటారప్పా,
అందుకే అట్ల తాగినాడు."
అయిండొచ్చు.
డైరెక్టరు మోసం చేసిండొచ్చు.
మోసమైనా గొంతుకాయ వానిదే కదా.

శనివారం ఫస్ట్ షోకు ఉరుకుందు ఒక్కడే వచ్చినాడు.
ఆ సీను అయినంక లేచి పోయినాడు.
ఆదివారం గూడ.
సోమవారం గూడ.
మిల్లుకు రాకముందు వాడు
బళ్లారి రూట్లో లారీ క్లీనరు.
అంతకంటే నాకు తెలీదు. నేను అడగలే.
టికెట్టు చింపి, సగం చేతిలో పెట్టినా.

మంగళవారం రీళ్ల డబ్బాలు
గుంతకల్లు ప్యాసింజరుకు ఎక్కించినాం.
కలెక్షను కరెంటు బిల్లుకు గూడ చాల్లేదని
ఓనరు రుద్రగౌడు నన్ను తిట్టినాడు,
నేనే ఆ సినిమా తీసినట్ల.

అది మళ్లీ యాడా ఆడలే.
కనకమోహన్ గూడ మారలే.
దసరాకు వచ్చినాడు, తెల్ల ప్యాంటు, ఎర్ర బూట్లు,
చెల్లెలి శవం మీద పడి
అదే మొకంతో ఏడ్చినాడు.
హాలంతా నగింది.
నేనూ నగినా, దాపరికమెందుకు.

నేల క్లాసు ముందు వరసలో
ఒకడు లేచి ఎనక్కి తిరిగినాడు,
సినిమా వాని ఎదమీద పడి ఆడతాంది.
"గమ్మునుండండ్రా.
ఆయప్ప నీళ్లు తాగినోడు."

నగేది ఆగలే.
ఎవురో చెనక్కాయ పొట్టు ఇసిరినారు.
సీను అయ్యేంత వరకు
తెరకు అడ్డంగా
అట్లనే నిలబడినాడు ఉరుకుందు.