అర అంగుళం

పాత పోస్టాఫీసు సందులో మా కొట్టు.
గొర్లె సన్యాసయ్య, నేవీ టైలర్ అని బోర్డు.
టేపు నాన్న మెడలో, పెన్సిల్ నా చెవి మీద.
ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని.
మెడ పదిహేనున్నర. ఛాతీ ముప్ఫై ఎనిమిది.
బాహువు...
అనగానే ఆ కెప్టెన్ ఉలిక్కిపడ్డాడు.
"బాహు! మాదీ బాహే!"
తన భుజం తనే తట్టుకుని చూపించాడు.

ఇండోనేషియా ఓడ దిగిన పదాతిదళం మనిషి.
పేరు హస్తోమో. సముద్రం పడక ముఖం పసుపు.
ఊడిపోయిన భుజం పట్టీ కుట్టించుకోడానికొచ్చాడు.
నాన్న టేపు ఒకసారి వేసి, మళ్ళీ వేసి,
"రాయే గుంటా, కుడిది అర అంగుళం కిందికి" అన్నాడు.
నేను రాశాను.
ఎందుకని దర్జీ అడగడు.

ఎదురు హోటల్లో పలక మీది పేర్లు చదివిస్తే
దోశ దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు.
వాళ్ళ మాటలో దోసా అంటే పాపమట.
"మీ ఊళ్ళో పాపం ఎంత?"
నాన్న తన నేవీ ఇంగ్లీషులో
"రూపాయి పావలా, చట్నీ ఉచితం" అన్నాడు.

పదకొండేళ్ళకి కోటు కోసం వచ్చాడు.
ఛాతీ నలభై. బూట్లు చప్పుడు చెయ్యడం మానేశాయి.
"భుజంలో కాస్త దూది పెట్టండి,
ఫొటోల్లో ఒరిగి కనిపిస్తున్నాను."
త్వరలో తను రాయబారి, వాళ్ళ భాషలో పెద్ద దూత.
"హనుమంతుడి ఉద్యోగం!" అన్నాడు నాన్న, నోట్లో గుండుసూదులతో.
"ఏ ఊరూ తగలెట్టకు బావూ."
రామాయణం వాళ్ళకీ ఉంది. అర్థమైంది.
నవ్వలేదు.
చాలాసేపు కిటికీలోంచి
డాల్ఫిన్ కొండ మీది లైట్‌హౌస్ కేసి చూశాడు,
పగలు, అది వెలగని వేళ.

తర్వాత మంత్రయ్యాడు. అక్కడా మంత్రే అంటారు.
వీర, దూత, మంత్రి:
మన మాటలే, ఎన్నడో ఓడెక్కి వెళ్ళి
ఒక్కొక్కటే ఇతని ఒంటి మీద దిగాయి.
కారు మా సందులో పట్టదు.
బీచ్ రోడ్డు హోటల్‌కి నాన్నని పిలిపించారు.
తలుపు దగ్గర కత్తెర లాక్కుని రసీదు ఇచ్చారు.
బొగ్గు ఒప్పందమట. వాళ్ళ గనులు, మన రేవు.
ఈసారి చొక్కా, మైనపు అద్దకం, పూలూ లతలూ, వదులుగా.
వదులు చొక్కాకి దూదేంటి?
"ఓట్లడిగేవాడి భుజాలు సమంగా ఉండాలి" అన్నాడు.
నాన్న పెట్టాడు.
ఆ ఏడు నుంచి మా దండెం మీది తెల్లబట్టలు
సాయంత్రానికి బూడిద రంగు.
ఇస్త్రీ పెట్టె కింద బొగ్గుపొడి గీతలు పడేది.
నాన్న దగ్గు ఏ దేశానిదో ఎవరూ తేల్చలేదు.

మొన్న ఆటోలో వచ్చాడు, ఒక్కడే.
పార్టీ టిక్కెట్టివ్వలేదట, నిలబడితే జనమూ ఇవ్వలేదట.
"సన్యాసయ్య?"
గోడకేసి చూపించాను. కత్తెర వేలాడుతోంది.
టేపు నేనే వేశాను. రాయడానికెవరూ లేరు,
అంకెలు పైకి చెప్పి, వంగి, నేనే రాసుకున్నాను.
మెడ పద్నాలుగు. ఛాతీ ముప్ఫై ఆరు.
బాహువు, కుడిది ముప్పావు.
"దూది పెట్టనా?"
"వద్దు."

నేను దర్జీ కూతుర్ని, పూర్తి దర్జీని కాను.
అడిగేశాను.
"తుపాకీ మోసి మోసి ఇలా అయిందా?"
ఆయన కాలరు సర్దుకున్నాడు.
"తుపాకీ నాలుగు కిలోలేనమ్మా."

ఎదురు హోటలిప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు.
మలుపులో బండి దగ్గర్నుంచి పొట్లం తెప్పించాను.
కుట్టుమిషన్ బల్ల మీదే విప్పుకుని తిన్నాడు,
సగం తిని, ఆకు మడిచి,
ఎంత అని అడిగాడు.
నాన్న ఉంటే ఏదో ఒకటి అనేవాడు.
నేను అరవై అన్నాను.
జేబులోంచి చిల్లర తీసి, అద్దాలు పెట్టుకుని,
ఒక్కొక్క నాణెం
లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.