చుట్టుదారి

జూన్‌లో వాడికి బడి తెరిచినారు,
నాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ తెరిచినారు.
ఆగస్టు రాకముందే
వాడి చెప్పుల మడమలు కాగితమయిపొయ్యినాయి.

సంతపేట బడి నుంచి మా ఇంటికి
నీవా వంతెన మీద అయితే పది నిమిషాలు.
పది నిమిషాల నడకకి
చెప్పులు ఇంత బిన్నా అరగవు.

అడిగితే "మంచి చెప్పులు కావుమా" అన్నాడు హేమాద్రి.
మోచెయ్యి గీరుకుపోయిందేందిరా అంటే "పడినా" అన్నాడు.
టిఫిను డబ్బా సొట్టపోతే
అదీ పడిందంట.
ఆ నెలంతా మా ఇంట్లో
అన్నీ వాటంతటవే పడినాయి.

నోటుపుస్తకం అట్ట మీద, పేరు రాసే చోట చూసినా:
టెంక.
వాడి చేతిరాతే. స్కేలు పెట్టి కింద గీత కూడా గీసుకున్నాడు.
"అందరూ అట్నే పిలుస్తారుమా.
నేనే రాసుకుంటే ఇంక వాళ్లు రాయరు కదా."

తోతాపురి వాసన
సబ్బుకి పోదు, చింతపండుకి పోదు.
ఆ రాత్రి వాళ్లు నిద్రపోయినాక
నా వేళ్లు నేనే వాసన చూసుకున్నా.

సార్ దగ్గరికి పోతే
"పిల్లోళ్లు కదమ్మా, కొట్టుకుంటారు, కలుస్తారు" అన్నాడు.
కొట్టుకోవాలంటే ఇద్దరు కావాల సార్,
మావాడు తింటా ఉండాడు, అంతే.
ఈ మాట గేటు దాటినాక తట్టింది నాకు.
మర్నాడు వాడు సంగటి ముట్టలా.
"నువ్వు బడికి రావద్దుమా."

ఇంకోటి కూడా చెప్పాల.
ఒక సాయంత్రం చెల్లెల్ని గోడకి నిలబెట్టి
"ఏయ్ బొద్దింకా, ఏడు, ఏడు చూద్దాం" అంటా ఉండాడు.
ఆ గొంతు మా ఇంట్లోది కాదు.
ఎవడిదో నోట్లో పెట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చినాడు.
చెయ్యెత్తినా.
నేనింకా కొట్టకముందే, తెలిసినోడి మాదిరి
ఒక చెవి దాచుకుని కళ్లు మూసుకున్నాడు.
చెయ్యి దించేసినా.

దసరా సెలవులైనాక కొత్తోడు ఒకడు చేరినాడంట,
గుడియాత్తం పిల్లోడు, మాటలో సగం అరవం.
"వాడి సంచి కాలవలో ఏసినారుమా."
నువ్వేం చేసినావు?
చాలాసేపు ముద్దలో గుంట తవ్వుతానే ఉన్నాడు.
"ఏం చెయ్యలా. వాళ్లు పోయినాక తీసిచ్చినా.
మన దారి చూపించినా."

మన దారంట!
ఐసు ఫ్యాక్టరీ వెనక నుంచి, మసీదు సందులో దూరి,
కట్టెల మండీ చుట్టూ తిరిగి
ముప్పావు గంట.
ఇన్నేళ్లుగా ఈ ఊర్లో ఉండి నాకు తెలీని దారి.

మొన్న ఆదివారం చెప్పులు కుట్టే పెరుమాళ్లు ముందర
రెండు జతలు పెట్టినాడు హేమాద్రి.
"ఒకటి మీదే. ఈ రెండోది ఎవరిదబ్బా?" అన్నాడు పెరుమాళ్లు.
వాడు నా మొహం చూడలా.
దానికీ ఇరవై రూపాయలు
నేనే ఇచ్చినా.