లోపలి గడియ

మంగోలియా, జావ్‌ఖాన్ కొండల్లో బడి హాస్టల్.
సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద.
మరుగుదొడ్డికి అరవై అడుగులు మంచులో నడవాలి.
తలుపుకి గడియ లేదు.

ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుని
రెండో చేత్తో, పళ్ళతో
మిగతా పనంతా చేసుకునేది సొలొంగో.
పదమూడేళ్ళు.
నెలకి నాలుగు రోజులు
హాజరుపట్టీలో "కడుపునొప్పి".

లెక్కల టీచరు సారన్
ఆ రోజుల్ని కూడింది.
పద్నాలుగు మంది పిల్లలు, ఒక చలికాలం,
ఎన్ని పాఠాలో!
ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి కాదు,
బాయిలర్ గదికి వెళ్ళింది.

బొగ్గు పార ఆపి విన్నాడు జంబల్ తాత.
చెవులు ఎర్రబడ్డాయి.
"ముగ్గురు కూతుళ్ళని పెంచాను,
ఈ లెక్క నాకెవరూ చెప్పలేదమ్మా."

తెల్లారేసరికి
తలుపుకి లోపలివైపు గడియ,
పాత గుర్రపుకళ్ళెం ఇనుముతో చేసింది.
మేకుకి సారన్ కుట్టిన సంచి, నిండా ప్యాడ్లు.
కింద, ఇంకా పొగలు కక్కుతున్న నీళ్ళ బకెట్.

సొలొంగో గడియ వేసింది.
తీసింది. మళ్ళీ వేసింది.
రెండు చేతులూ ఖాళీ!
వాటినేం చేయాలో తెలియక
కాసేపు అలాగే చూసుకుంది.

బయట గాలి తలుపు తోస్తోంది.
తోసుకోనీ.
ఒక్క గడియ,
ఈ గడియ తనది.