అరికాలి లెక్క

కొల్లాపూర్ కాడ పంపుహౌసు పునాది.
రెండు గజాల మందం కాంక్రీటు.
పోసిన మూడొద్దులు అది లోపల్లోపలే కాగుతది.
రెండు గంటలకోపారి గొట్టంల థర్మామీటరు దించి
అంకె చూసి రిజిస్టర్ల ఎక్కియ్యాలె.
అదే నా కొలువు. రాత్రి పాళి.

ఒప్పుకుంటున్న.
మొదటి బ్లాకు పోసిన రెండో రాత్రి
పదింటికి ఒక్కపారి దించిన.
పన్నెండుది, రెండుది, నాలుగుది
సిమెంటు బస్తాలకు ఒరిగి కూసోనే రాసిన.
యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. మళ్ల యాభై ఎనిమిది.
నిజమనిపియ్యాలని ఒకటి తగ్గించిన గూడ!
నా పుస్తకంల కాంక్రీటుకు జొరం రాలె.
ఇంజనీరు పచ్చ సిరాతోని సంతకం గీకిండు.

రెండో బ్లాకుకు సెన్సార్లొచ్చినయి.
ఉసిరికాయంత ముక్కలు,
చువ్వలకు కట్టి కాంక్రీటుల పూడ్చిండ్రు.
వాటికి నిద్ర రాదు, బీడీ యాదికి రాదు.
హైదరాబాదుల ఎవరి ఫోన్లనో గీత గీస్తనే ఉంటయి.
నలుగుట్ల నవ్విన. లోపల బుగులు వట్టింది.

మణెమ్మ క్యూరింగు మనిషి.
పైపు పట్టుకొని పునాది మీద ఉత్త కాళ్లతోని తిరుగుతది.
ఆ మాపు కృష్ణ మీది గాలి మొదలైంది.
"ఈ రాత్రి నీళ్లొద్దు సారూ.
పైన సల్లవడ్డది, లోపల ఇంకా ఉడుకుతున్నది,
మూత తీసిన కుండ తీరుగ. గోనెలు కప్పుదాం."
యాడ రాసుకోను?
రిజిస్టర్ల గడులు: తేది, టైము, డిగ్రీలు, సంతకం.
అరికాలికి గడి లేదు.

మూడింటికి ఫోను మొత్తుకున్నది.
నడుమ డెబ్బై ఒకటి, పైన నలభై నాలుగు.
తేడా ఇరవై దాటితే నెర్రెలు.
హైదరాబాదు నుంచి ఎవరో చిన్నపిల్ల, నిద్రలేని గొంతు:
"సార్, వెంటనే కప్పించండి."
ఉరికిన.

సగం దాక గోనెలు పరిచే ఉన్నయి.
మిగిలిన సగం కాడ మణెమ్మ, ఒక్కతే,
నిద్రల పిల్లగాని మీదికి బొంత గుంజినట్టు
టార్పాలిన్ గుంజుతున్నది.
నన్ను సూసి ఏమనలె.
"ఆ కొస వట్టు" అన్నది.

తెల్లారేసరికి తేడా దిగుడు మొదలువెట్టింది.
రిపోర్టుల సెన్సారు పేరొచ్చింది.
రానీ. అది అబద్ధమాడలె,
ఆడింది నేను.
చాయ్ తాగుకుంట మణెమ్మ అడిగింది:
"ఆ ఉసిరికాయ నా మోకాలికి కడ్తె
నొప్పెంతుందో పట్నంల కనవడ్తదా?"
ఎవ్వరు జవాబియ్యలె. ఆమె గూడ ఎదురుసూడలె.

ఇప్పుడు మొదటి బ్లాకు మీద మోటార్లు బిగించిండ్రు.
దాని కడుపుల తీగ లేదు.
దాని సంగతి చెప్పెటివి పుస్తకంల మూడు అంకెలే,
అవి నా చేతిరాత.
డ్యూటీ ఎక్కినప్పుడల్లా
మెట్ల కాడ బూట్లు ఇడుస్త.
సేఫ్టీ ఆఫీసరు తిడ్తడు. తిట్టనీ.
మణెమ్మ నడిసినట్టే నడుస్త, మెల్లగ, ఆగుకుంట.
నా అరికాళ్లకు
ఇంకా చదువు రాలె.